నగర శివారు గ్రామం ఎంత పెరగగలదు? మ్యాపులో కనిపించని లెక్కలు

నగరం పెద్దదవుతోందని, కొత్త ప్రణాళిక ముసాయిదా సిద్ధమైందని తెలిసిన రోజున శివారు గ్రామంలో అందరూ మొదట వెతికేది మ్యాపును. తన పొలం ఏ రంగులో పడిందో రైతు వేలు పెట్టి చూసుకుంటాడు. గట్టుకు అవతలి పొలం పసుపు రంగులోనూ, తనది ఆకుపచ్చ రంగులోనూ ఎందుకు ఉన్నాయో అర్థం కాక అక్కడే ఆగిపోతాడు. పసుపు పడినచోట ఇళ్లు కట్టుకోవచ్చు, ఆకుపచ్చ పడినచోట సాగు మాత్రమే చేసుకోవాలి. రెండింటి మధ్య గీత కాగితం మీద వెంట్రుకంత మందమే ఉన్నా, దానికి అటూ ఇటూ ఉన్న భూముల విలువలో తేడా ఎన్నో రెట్లు ఉంటుంది.

అందుకే చర్చంతా గీత చుట్టూ తిరుగుతుంది. నిజానికి గీత ఎక్కడ గీయాలన్నది చివరగా తేలవలసిన విషయం. ఆ ఊరి నేల కింద నీరు ఎంత ఉంది, ఇళ్ల నుంచి వచ్చే మురుగు ఎక్కడికి చేరుతుంది, ఇళ్లు ఏ వేగంతో వస్తాయి, రోడ్లకూ పైపులకూ ఎవరు ఖర్చు పెడతారు, పెరిగిన భూమి విలువ ఎవరి చేతికి వెళుతుంది అనేవి ముందుగా తేలాలి. ఈ లెక్కలు చేయకుండా గీసిన గీతలు ఎక్కువ కాలం నిలబడలేదని వేరువేరు దేశాల అనుభవం చూపిస్తుంది.

ఊరూ కాదు, పట్టణమూ కాదు

నగర శివారు గ్రామం అనే మాటకు అంతటా చెల్లే ఒకే నిర్వచనం లేదు. పాలన గ్రామానిదే అయినా, అక్కడి వారిలో చాలామందికి పని నగరంలో దొరుకుతున్నా, లేదా నగరం కోసం జరిగే పని ఆ ఊళ్లోనే దొరుకుతున్నా, దాన్ని శివారు గ్రామంగా లెక్కించడం పరిపాటి. పొలాల మధ్య గోదాములు, కోళ్ల ఫారాల పక్కన కళాశాలలు, పాడి పశువుల కొట్టాల వెనుక అద్దె గదులు కనిపించే ఈ మిశ్రమ ప్రాంతానికి, కెనడాలో పనిచేసిన భౌగోళిక శాస్త్రవేత్త టెరెన్స్ మెక్‌గీ ఇండోనేషియా భాష నుంచి ఒక పేరు తెచ్చారు. ఆ భాషలో 'దెసా' అంటే ఊరు, 'కోటా' అంటే పట్టణం. రెండూ కలిపి ఆయన 'దెసాకోటా' అన్నారు. మన దేశం, కోట అనే మాటలకు ఇవి చుట్టాలే.

గణాంకాల్లో ఈ సందిగ్ధత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. భారత జనగణన 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది జనసాంద్రత, పురుష ప్రధాన కార్మికుల్లో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండటం అనే మూడు కొలతలూ దాటిన ఊరిని, దానికి మున్సిపాలిటీ హోదా లేకపోయినా, జనగణన పట్టణంగా లెక్కిస్తుంది. అలాంటివి 2001లో 1,362 ఉండగా 2011 నాటికి 3,894 అయ్యాయి. లెక్కల్లో పట్టణాలుగా మారిన ఇలాంటి ఊళ్లు పాలనలో గ్రామ పంచాయతీలుగానే కొనసాగవచ్చు. పట్టణానికి కావలసిన డ్రైనేజీని గ్రామానికి వచ్చే ఆదాయంతో వేయవలసిన పరిస్థితి అక్కడే పుడుతుంది.

ఒకే సంఖ్య, రెండు వేగాలు

ఐదు వందల ఇళ్లున్న ఒక ఊరిని ఊహించుకుందాం. ఏటా రెండు శాతం చొప్పున ఇళ్లు పెరిగితే ఇరవై ఏళ్లకు అవి 743 అవుతాయి, అంటే అదనంగా వచ్చేవి 243. ఏటా ఐదు శాతం చొప్పున పెరిగితే అదే ఇరవై ఏళ్లలో 1,327కు చేరతాయి. ముసాయిదా పట్టికలో రెండు, ఐదు పక్కపక్కనే ఉన్న చిన్న అంకెల్లా కనిపిస్తాయి గాని, మొదటి దారిలో ఊరు సగం పెరుగుతుంది, రెండో దారిలో రెండున్నర రెట్లు దాటుతుంది.

ఎన్ని ఇళ్లు అన్నదానితో పాటు ఎంత కాలంలో అన్నదీ ముఖ్యమే. ఆ 243 ఇళ్లు ఇరవై ఏళ్లకు సర్దుకుని వస్తే ఏడాదికి పన్నెండు. వాటిలో కొన్ని ఊళ్లోని పిల్లలు పెద్దవారై వేరు కాపురం పెట్టినవి, కొన్ని పాత ఇంటి పెరట్లో కట్టుకున్నవి, కొన్ని కొత్తగా వచ్చినవారివి. బడిలో తరగతికి ఒకరిద్దరు పెరుగుతారు, బోర్లలో నీటిమట్టం ఎలా మారుతోందో గమనించే వ్యవధి ఉంటుంది. అదే సంఖ్య ఒకే లేఅవుట్‌గా వచ్చి మూడేళ్లలో నిండితే ఏడాదికి ఎనభై ఇళ్లు. అప్పుడు బడి, రోడ్డు, నీటి ట్యాంకు మూడూ ఒకేసారి చాలకుండా పోతాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఏడాదికి పన్నెండు ఇళ్ల చొప్పున పెరిగే ఊరు భూగర్భ డ్రైనేజీని ఎన్నటికీ వేసుకోలేకపోవచ్చు. అంత పెద్ద ఖర్చును ఒకేసారి పెట్టగలిగే శక్తి పెద్ద లేఅవుట్‌కే ఉంటుంది. మెల్లగా పెరగడమే మేలని వాదించేవారు ఈ ఇబ్బందికి సమాధానం చెప్పాలి. ఒక్కసారి పెద్దగా పెరగనివ్వాలనేవారు, ఆ మూడేళ్లలో పాత ఊరి మీద పడే భారం ఎవరు మోస్తారో చెప్పాలి.

సెప్టిక్ ట్యాంకు చెప్పే లెక్క

శివారు గ్రామాల ప్రణాళికలో అతి తక్కువగా చర్చకు వచ్చే అంశం మురుగు. నా దృష్టిలో మిగతా అన్నిటినీ నిర్ణయించేది అదే.

డ్రైనేజీ పైపులైను లేని ఊళ్లో ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. తాగునీటికి చాలాచోట్ల అదే నేలలో బోరో, బావో ఉంటుంది. ట్యాంకులో గట్టి పదార్థం అడుగుకు చేరుతుంది, పైన తేరిన నీరు సోక్‌పిట్ ద్వారా మట్టిలోకి ఇంకుతుంది. మట్టి చాలా సూక్ష్మజీవులను వడగట్టగలదు. ఆ నీటిలోని నత్రజని మాత్రం నైట్రేట్‌గా మారి, మట్టికి అంటుకోకుండా నేరుగా భూగర్భ జలంలో కలుస్తుంది. నైట్రేట్ ఎక్కువైన నీటితో పాలు కలిపి పడితే పసిపిల్లల రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో నైట్రేట్‌కు లీటరుకు 50 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. దాన్ని నత్రజని లెక్కలోకి మారిస్తే సుమారు 11 మిల్లీగ్రాములు. కొన్ని దేశాలు 10 దగ్గరే ఆపుతాయి.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఇలాంటి ప్లాట్లను అనుమతించే ముందు ఒక తేలికైన లెక్క వేస్తారు. ఒక ఇంటి నుంచి రోజుకు 1,000 లీటర్ల మురుగునీరు వస్తుందని, అందులో లీటరుకు 40 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుందని అనుకుంటారు. అంటే రోజుకు 40 గ్రాములు. లీటరుకు 10 మిల్లీగ్రాములకు పలచబడాలంటే మొత్తం 4,000 లీటర్ల నీరు కావాలి. వెయ్యి లీటర్లు మురుగులోనే ఉన్నాయి గనుక మిగతా 3,000 లీటర్లు ఆ ప్లాటు మీద పడి ఇంకే వాన నుంచి రావాలి. ఏడాదికి అది 1,095 ఘనమీటర్లు. ఏడాది మొత్తంలో 250 మిల్లీమీటర్ల వాన నేలలోకి ఇంకే చోట, అంత నీటికి 4,380 చదరపు మీటర్ల నేల అవసరం. ఎకరం 4,047 చదరపు మీటర్లు. అంటే ఒక్కో ఇంటికి ఎకరం పైచిలుకు. ఇంకే వాన అందులో సగమే అయితే రెండెకరాలు దాటుతుంది.

తమ ఊళ్లో ఎవరూ రోజుకు వెయ్యి లీటర్లు వాడరని పాఠకులు అనుకోవచ్చు. నత్రజని వచ్చేది మనుషుల నుంచి గనుక నీరు తక్కువ వాడినా దాని మొత్తం తగ్గదు, మురుగు మరింత చిక్కబడుతుంది అంతే. కొన్ని తడి నేలల్లో నైట్రేట్ కొంత వాయువుగా మారి పోతుంది. పగుళ్లున్న రాతి నేలల్లోనైతే ఏ వడపోతా లేకుండా నేరుగా బోరులోకి దిగుతుంది. కాబట్టి ఎకరం అనే అంకె ప్రతిచోటా అలాగే ఉండదు. ఊరి నేలను పరీక్షించకుండా ప్లాటు సైజు నిర్ణయించకూడదన్నది మాత్రం ప్రతిచోటా వర్తిస్తుంది.

ఇప్పుడు మన ఊహా గ్రామానికి తిరిగి వద్దాం. ఎవరి బోరు వారికి, ఎవరి సెప్టిక్ ట్యాంకు వారికి అనే పద్ధతిలో 243 ఇళ్లకు సుమారు 260 ఎకరాలు పడతాయి. ఊరుమ్మడి డ్రైనేజీ వేసి ఎకరానికి పది ఇళ్ల చొప్పున కడితే 24 ఎకరాలు చాలు. రోడ్డు లెక్క కూడా ఇలాగే ఉంటుంది. ప్లాటు ముందుభాగం 50 మీటర్లుండి, రోడ్డుకు రెండు వైపులా ఇళ్లు వస్తే, ఇంటికి 25 మీటర్ల రోడ్డు చొప్పున మొత్తం ఆరు కిలోమీటర్లు. ముందుభాగం 12 మీటర్లయితే ఒకటిన్నర కిలోమీటర్లు లోపే. ఆ రోడ్డుకు ప్రతి పదేళ్లకూ మళ్లీ తారు వేయాలి, దాని పొడవునా దీపాలు వెలగాలి.

పల్లె వాతావరణం చెడకూడదన్న మంచి ఉద్దేశంతో పెద్ద ప్లాట్లనే అనుమతించే నిబంధనలు చాలాచోట్ల ఉన్నాయి. ఊరి పచ్చదనాన్ని కాపాడాలని పెట్టిన ఆ నిబంధనే పదింతల పొలాన్ని మింగుతుందని పై లెక్క చూపిస్తుంది. మరోవైపు డ్రైనేజీ లేకుండా చిన్న ప్లాట్లు ఇస్తే ఊరి నీరు పోతుంది.

నీరు పోవడమంటే ఏమిటో అదే ఒంటారియోలోని వాకర్టన్ అనే చిన్న పట్టణం 2000 మే నెలలో చూసింది. పెద్ద వాన తర్వాత పశువుల ఎరువు నుంచి ఈకోలై సూక్ష్మజీవులు ఊరికి నీరిచ్చే బావిలోకి చేరాయి. క్లోరిన్ కలపడంలోనూ పర్యవేక్షణలోనూ జరిగిన లోపాల వల్ల అది సమయానికి బయటపడలేదు. ఏడుగురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. అక్కడి కీడు వచ్చింది సెప్టిక్ ట్యాంకుల నుంచి కాకపోయినా, బావి చుట్టూ ఏం జరుగుతోందన్నది భూవినియోగ ప్రణాళికలో భాగం కావాలన్న పాఠం ఆ రాష్ట్రానికి అప్పుడే అందింది. 2006లో వచ్చిన చట్టం ప్రజల బావుల చుట్టూ రక్షణ వలయాలను తప్పనిసరి చేసింది. ఊరు ఎటు పెరగకూడదో తేల్చడంలో ఆ వలయాలకు ఇప్పుడు చట్టబలం ఉంది.

పైపు ఎంత పెద్దది వేయాలి

డ్రైనేజీ వేస్తే సమస్య తీరుతుందనుకుంటే, ఇంకో చిక్కు ఎదురవుతుంది. పైపు పరిమాణాన్ని ముందే నిర్ణయించాలి. చిన్నది వేస్తే పదేళ్లకు తవ్వి మళ్లీ వేయాలి, పెద్దది వేస్తే దాని అప్పు తీరడానికి ఇళ్లు కావాలి. శుద్ధి కేంద్రం ఖర్చును 743 ఇళ్లు పంచుకున్నప్పుడు ఒక్కో ఇంటి వాటా వంద అనుకుంటే, అనుకున్న పెరుగుదల రాక పాత 500 ఇళ్లే మిగిలితే ఆ వాటా 149 అవుతుంది. అప్పులో ఉన్న పాలకవర్గం అలాంటప్పుడు మరో లేఅవుట్ కోసం గీతను కాస్త జరపడానికి సిద్ధపడుతుంది. పెరుగుదల కోసం వేసిన పైపు ఇలా తానే పెరుగుదలను లాక్కొస్తుంది.

మధ్యేమార్గంగా ఒక్కో లేఅవుట్‌కు ఒక చిన్న శుద్ధి కేంద్రం పెట్టుకునే పద్ధతి ఉంది. సాంకేతికంగా అది సాధ్యమే. కట్టినవారు ప్లాట్లు అమ్ముకుని వెళ్లిపోయాక కరెంటు బిల్లు, మరమ్మతు, నీటి పరీక్ష ఎవరి బాధ్యత అన్నదే తేలదు. ఆ బాధ్యత రాతపూర్వకంగా, నిధితో సహా ఒకరికి అప్పగించని చోట ఆ యంత్రాలు ఆగిపోయి, శుద్ధి కాని నీరు పక్క వాగులోకి చేరుతుంది. వాననీటి విషయంలోనూ ఇంతే. నిన్నటిదాకా వానను తాగిన పొలం పైకప్పుగా, సిమెంటు రోడ్డుగా మారితే ఆ నీరు దిగువ ఊరి మీదికి పోతుంది. ఎగువ ఊరి ప్రణాళికను తయారుచేసే గదిలో దిగువ ఊరివారికి చోటు ఉండటం అరుదు.

గీత గీసిన చోట్ల ఏం జరిగింది

నగరం చుట్టూ కట్టడాలు రాని పచ్చని వలయం ఉండాలన్న ఆలోచనకు ఆధునిక రూపమిచ్చినవారిలో ఎబినేజర్ హోవర్డ్ ముఖ్యుడు. 1898లో ఆయన ఊహించిన ఉద్యాన నగరంలో మొత్తం ఆరు వేల ఎకరాలకు గాను పట్టణానికి వెయ్యి ఎకరాలే, మిగతా ఐదు వేలు పొలాలు, అడవులు. లండన్ చుట్టూ హరిత వలయానికి 1938లో ఒక చట్టం వచ్చింది, 1955లో ప్రభుత్వం ఈ విధానాన్ని ఇతర నగరాలకూ విస్తరించింది. ఇప్పుడు ఇంగ్లండ్ నేలలో సుమారు ఎనిమిదో వంతు ఈ వలయాల్లోనే ఉంది. పట్టణాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఇది కాపాడిందని సమర్థకులు చెప్పేది నిజం. ఇళ్ల ధరలు పెరగడానికి, ఉద్యోగులు వలయాన్ని దాటి రోజూ దూర ప్రయాణం చేయడానికి ఇదీ ఒక కారణమన్న విమర్శకుల మాటలోనూ బలముంది. 2024 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం, వలయంలో ఉన్నా దాని లక్ష్యాలకు పెద్దగా తోడ్పడని నేలను వేరుచేసి 'బూడిద వలయం' అనే కొత్త పేరు పెట్టి, అక్కడ ఇళ్లకు దారి సులువు చేసింది.

కెనడా రాజధాని ఒట్టావా చుట్టూ దాదాపు 20,000 హెక్టార్ల వలయం ఉంది. అక్కడి కేంద్ర ప్రభుత్వం 1950ల చివరి నుంచి ఆ భూమిలో ఎక్కువ భాగాన్ని కొని తన చేతిలో పెట్టుకుంది గనుక వలయం చెక్కుచెదరలేదు. నగరం మాత్రం దాన్ని దాటి అవతలికి దూకింది. కనాటా, బార్‌హేవెన్, ఓర్లియన్స్ అనే పెద్ద శివార్లు వలయానికి ఆవలే పెరిగాయి. దక్షిణ కొరియా 1971లో సియోల్ చుట్టూ వలయం ప్రకటించింది. బున్‌డాంగ్, ఇల్సాన్ వంటి కొత్త పట్టణాలు అక్కడా వలయానికి వెలుపలే వచ్చాయి. వలయం లోపల చిక్కుకున్న గ్రామాలవారు తమ భూమిని వాడుకోలేక, పరిహారమూ లేక ఉండిపోయారు. కొందరి విషయంలో పరిహారం లేకుండా ఇంత కట్టడి చేయడం రాజ్యాంగానికి సరిపడదని 1998లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. ఆ తర్వాత సడలింపులు మొదలయ్యాయి.

అమెరికాలోని ఒరెగాన్ వేరే దారి పట్టింది. 1973 నాటి చట్టం ప్రకారం అక్కడ ప్రతి నగరం చుట్టూ విస్తరణ హద్దు ఉంటుంది. అది శాశ్వతం కాదు, ఇరవై ఏళ్లకు సరిపడా నేలను లోపల ఉంచుతూ దాన్ని సమీక్షించాలి. హద్దు బయటి యజమానుల అసంతృప్తి 2004లో ఓటర్ల తీర్పుగా బయటపడింది. నిబంధన వల్ల విలువ తగ్గితే పరిహారమైనా ఇవ్వాలి, నిబంధననైనా సడలించాలి అని ఓటర్లు తేల్చారు. వేల దరఖాస్తులు వచ్చాక, 2007లో అదే ఓటర్లు ఆ హక్కును చాలావరకు కుదించి, కొద్ది ఇళ్లకు పరిమితం చేశారు. మూడేళ్ల తేడాతో వచ్చిన ఈ రెండు తీర్పుల్లోనూ న్యాయం ఉందని నాకు అనిపిస్తుంది. అందరి మేలు కోసం ఒకరి పొలాన్ని పొలంగానే ఉంచాలని కోరేటప్పుడు, ఆ ఒకరికి దక్కవలసింది ఏమిటన్న ప్రశ్న దాటవేయదగినది కాదు.

తెలుగు పాఠకులకు బాగా తెలిసిన ఉదాహరణ హైదరాబాద్ శివారు గ్రామాలకు వర్తించిన ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 111. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాలను 1996లో ఆ ఉత్తర్వు కట్టడి చేసింది. జలాశయాల పరీవాహక ప్రాంతం కాపాడబడాలన్న కారణం గట్టిదే. పక్క ఊరి భూమి ధర ఆకాశానికి వెళుతుంటే తమది అక్కడే ఆగిపోయిందన్న గ్రామస్థుల బాధా నిజమే. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. నీటిని కాపాడినందుకు ఆ ఊళ్లకు నగరం ఏటా ఎంతో కొంత చెల్లించే ఏర్పాటు ఉండి ఉంటే ఈ తగాదా మరోలా నడిచేదేమో.

ఏ ఊరు పెరగాలి, ఏ ఊరు ఆగాలి

నగరం చుట్టూ ఇరవై ఊళ్లుంటే అన్నిటికీ కొంచెం కొంచెం పెరుగుదల పంచాలా, రెండు మూడింటిని ఎంచి అక్కడే బడి, ఆసుపత్రి, బస్సులు సమకూర్చాలా? రెండో పద్ధతిలో డబ్బు ఆదా అవుతుంది, డ్రైనేజీకి సరిపడా ఇళ్లు ఒకచోట చేరతాయి, బస్సు నిండుతుంది. ఎంపిక కాని ఊళ్లలో మాత్రం యువ జంటలకు కొత్త ఇల్లు దొరకదు, పిల్లలు తగ్గి బడి మూతపడుతుంది, బడి లేదు గనుక ఇంకెవరూ రారు.

ఈ తర్కం ఎంత దూరం వెళ్లగలదో ఇంగ్లండ్‌లోని డరమ్ జిల్లా చూపించింది. అక్కడి పాలకమండలి 1951 ప్రణాళికలో నూటికి పైగా బొగ్గుగని గ్రామాలను 'డి' వర్గంలో చేర్చింది. వాటిలో ఇకపై పెట్టుబడి పెట్టరు, ఖాళీ అయిన ఇళ్లను కొని కూల్చేస్తారు. గనులు మూతపడుతున్నాయి, ఆ ఊళ్లకు భవిష్యత్తు లేదు అన్నది ప్రణాళికాకర్తల లెక్క. తమ ఊరు వదలబోమని జనం ఏళ్ల తరబడి పోరాడారు. 1977లో ఆ విధానాన్ని అధికారికంగా వదిలేసేసరికి కొన్ని ఊళ్లు కనుమరుగయ్యాయి, జాబితాలోని అనేక ఊళ్లు మాత్రం బతికే ఉన్నాయి. అవి నగర శివార్లు కాకపోయినా, ఏ ఊరికి భవిష్యత్తు ఉందో పైనుంచి తేల్చేవారి అంచనా ఎంత తప్పగలదో అక్కడ రుజువైంది.

రెండు పద్ధతుల మధ్య ఒక సన్నని దారి ఉంది. ఇంగ్లండ్‌లో 1990ల తొలినాళ్ల నుంచి, మామూలుగా ఇళ్లకు అనుమతి లేని ఊరి హద్దు బయట, ఆ ఊరితో సంబంధమున్నవారికి అందుబాటు ధరలో ఇచ్చే కొద్ది ఇళ్లకు మాత్రం అనుమతిస్తున్నారు. బయట అమ్ముకునే వీలు లేదు గనుక ఆ నేల ధర పొలం ధరకు దగ్గరగానే ఉంటుంది. ఊరివాళ్ల పిల్లలకు ఇల్లు దొరుకుతుంది, గీత చెదరదు. దీని ద్వారా వచ్చే ఇళ్ల సంఖ్య తక్కువ, నగరం ఒత్తిడికి ఇది జవాబు కాదు.

పెరిగిన విలువలో ఎవరికెంత

రోడ్డుకూ బడికీ పార్కుకూ నేల కావాలి. సేకరిస్తే ఆ నేల ఇచ్చినవారు ఊరు వదలాలి, పక్క రైతు మాత్రం లాభపడతాడు. ఈ అన్యాయాన్ని తప్పించడానికి వచ్చినదే భూముల పునర్విభజన. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1902 చట్టంతో రూపుదిద్దుకుని, జపాన్‌లో విస్తృతంగా అమలైన పద్ధతి ఇది. గుజరాత్‌లో నగర ప్రణాళిక పథకాలు ఇదే సూత్రం మీద నడుస్తాయి. అక్కడి చట్టం రోడ్లకు 15 శాతం, పార్కులకు 5, సామాజిక వసతులకు 5, పేదల ఇళ్లకు 10, ఖర్చు రాబట్టుకునే అమ్మకానికి 15 శాతం వరకు తీసుకోవడానికి వీలిస్తుంది. మిగిలినదాన్ని సరైన ఆకారంలో, రోడ్డు ముఖంతో అదే యజమానులకు తిరిగి ఇస్తారు.

నాలుగెకరాల రైతు నుంచి 40 శాతం తీసుకున్నారనుకుందాం. అతనికి తిరిగి వచ్చేది 2.4 ఎకరాలు. ఎకరం విలువ 1.67 రెట్లు పెరిగితే అతను నష్టపోలేదు. మూడు రెట్లు పెరిగితే చేతిలో పాత లెక్కన 7.2 ఎకరాల విలువ ఉన్నట్టు. విలువ పెరగకపోతే, లేదా పెరగడానికి పదిహేనేళ్లు పడితే, సాగు ఆదాయం పోయి ప్లాటు మాత్రం మిగులుతుంది. పది సెంట్లున్న చిన్న యజమానికి తిరిగి వచ్చే ఆరు సెంట్లు పనికొచ్చే ప్లాటవుతుందా అన్నది ఇంకో ప్రశ్న. ఈ లెక్కలో అసలు పేరే లేనివారు కౌలు రైతులు, వ్యవసాయ కూలీలు. భూమి వారిది కాదు గనుక ప్లాటు రాదు, సాగు ఆగింది గనుక పనీ ఉండదు. పథకం న్యాయంగా ఉందా లేదా అని తూచేటప్పుడు నేను మొదట చూసేది వారి పేరు ఎక్కడైనా ఉందా అని.

పాత ఊరి చుట్టూ ఉన్న గీత

కొత్త పెరుగుదల మీద ఇంత చర్చ జరిగేచోట, పాత ఊరిని మరిచిపోవడం మామూలే. రెవెన్యూ రికార్డుల్లో గ్రామకంఠం అని మనం పిలిచే నివాస స్థలం చుట్టూ ఢిల్లీలో 1908లో ఒక గీత గీశారు, దాని పేరు లాల్ డోరా. పన్ను లెక్క కోసం పుట్టిన ఆ గీత లోపలి ఇళ్లకు తర్వాతి కాలంలో భవన నిబంధనల నుంచి మినహాయింపు దక్కింది. చుట్టూ పొలాలు పోయి నగరం వచ్చింది. ఊరివారికి మిగిలినది ఇంటి స్థలమే గనుక దాని మీదే అంతస్తు మీద అంతస్తు వేసి అద్దెకిచ్చారు. అగ్నిమాపక వాహనం తిరగలేని సందులు, వెలుతురు రాని గదులు ఏర్పడ్డాయి. చైనాలోని షెంజెన్‌లో నగరం చుట్టుముట్టిన గ్రామాల కథ కూడా దాదాపు ఇంతే.

వీటిని ప్రణాళిక వైఫల్యాలని కొందరు అంటారు. నగరానికి కొత్తగా వచ్చిన కార్మికుడికి తాను భరించగల అద్దెకు గది ఇచ్చింది ఆ ఊళ్లే కదా, ప్రణాళికలో అతనికి ఎక్కడ చోటిచ్చారు అని మరికొందరు అడుగుతారు. రెండో మాట వినకుండా మొదటి మాట మీద నడిచి ఆ ఊళ్లను కూల్చిన చోట అద్దెకున్నవారు మరో శివారుకు వెళ్లారు, అక్కడ మళ్లీ అదే మొదలైంది.

ఇక ఇవన్నీ ఎవరు తేల్చాలి? భారత రాజ్యాంగానికి 1992లో జరిగిన సవరణలు ఈ సరిహద్దు పనికి రెండు ఏర్పాట్లు చేశాయి. ఊరు పట్టణంగా మారే దశలో ఉన్నచోటికి నగర పంచాయతీ, పది లక్షలు దాటిన మహానగర ప్రాంతానికి పట్టణాలూ గ్రామాలూ కలిసి కూర్చునే ప్రణాళికా సంఘం. ఆ సంఘంలో మూడింట రెండు వంతుల సభ్యులు ఎన్నికైనవారు కావాలి, జనాభా నిష్పత్తిలో పంచాయతీల అధ్యక్షులకూ అందులో చోటు ఉండాలి. జనాభా నిష్పత్తి అన్నప్పుడు నగరానిదే పైచేయి అవుతుందన్నది నిజం. అయినా ముసాయిదా పక్కా అయ్యాక అభ్యంతరాలకు గడువిచ్చే పద్ధతి కంటే, బోర్ల లోతు, వాగు దారి, వానకు మునిగే పొలాలు తెలిసినవారు మొదటి గీతకు ముందే ఆ బల్ల దగ్గర ఉండటం వేరు. వేసవిలో ఏ బోరు ముందు ఎండుతుందో ఏ ఉపగ్రహ చిత్రంలోనూ ఉండదు, ఆ ఊళ్లో నీళ్లు మోసేవారికి మాత్రం తెలుసు.